కొక్కెం మీద బరువును లెక్కచేయని వాదం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో అమెరికాతో సంబంధం లేని ఇల్లు వెతకాలంటే కష్టమే. వేసవి రాగానే ఇక్కడి పెద్దవాళ్లు డాలస్‌కో, అట్లాంటాకో, సియాటెల్‌కో బయల్దేరతారు. అక్కడ పిల్లలకు మూడు వరుసల సీట్లున్న ఎస్‌యూవీ ఉంటుంది. అమ్మానాన్నా వచ్చారు కదా, నాలుగు ఊళ్లు చూపిద్దామని క్యాంపింగ్ ట్రెయిలర్ అద్దెకు తెచ్చి వెనక తగిలిస్తారు. ఇల్లు మారే పని పడితే సామాన్ల ట్రెయిలర్ తగిలిస్తారు. తిరిగొచ్చాక ఆ ప్రయాణాల కబుర్లన్నీ మెల్కోటే పార్కులోనూ ఇందిరా పార్కులోనూ పొద్దుటి నడకలో వినిపిస్తాయి. వాటిలో ఒక మాట మాత్రం మనిషి మారినా మారదు. "మా పెద్దోడి బండి ఐదు వేల పౌండ్లు గుంజుతది సార్. మేం తగిలించింది నాలుగు వేలే. ఇంక భయమేముంది?"

ఈ మాట తప్పు. వినడానికి లెక్కలాగే ఉంటుంది గనక మరీ ప్రమాదం. చదువుకున్నవాళ్లు, ఇంజినీర్లు కూడా ఇదే చెప్పుకుని పిల్లాపాపల్ని ఎక్కించుకుని కొండదారుల్లో పోతున్నారు. అందుకే దీన్ని గట్టిగా ఖండించాలి.

ఐదు వేల పౌండ్లంటే 2,268 కిలోలు. ఆ అంకె బండి లాగగలిగిన బరువును చెబుతుంది. కానీ ట్రెయిలర్ వెనక ఉండి ఊరికే లాగించుకోదు. దాని ముందు కొస ఎస్‌యూవీ కొక్కెం మీద ఆని కిందికి నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడునే అక్కడివాళ్లు టంగ్ వెయిట్ అంటారు. అమెరికాలో కొక్కేనికి తగిలించే మామూలు ట్రెయిలర్లకు ఇది ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 2,268 కిలోల ట్రెయిలరైతే 227 నుంచి 340 కిలోలు. అంతకు తగ్గితే ట్రెయిలర్ ఊగుతుంది. ఎక్కువైతే ఎస్‌యూవీ వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి. ఇలా ఈ బరువుకు పై హద్దూ ఉంది, కింది హద్దూ ఉంది. లాగే బరువుకు పై హద్దు ఒక్కటే ఉండటంతో జనం దాన్ని సులువుగా గుర్తుపెట్టుకుని రెండోదాన్ని వదిలేశారు.

అసలు ఆ ఐదు వేల అంకె ఎలా వచ్చిందో చూద్దాం. ఒకప్పుడు అక్కడి కార్ల కంపెనీలు ఎవరికి నచ్చిన అంకె వాళ్లు వేసుకునేవి. ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో జె2807 అనే ప్రమాణం ప్రకటించింది. అందరికంటే ముందు టొయోటా తన 2011 మోడళ్లకు దాన్ని పాటించింది. ఆ ప్రమాణం ప్రకారం బండి అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి పొడవాటి ఎత్తుదారిని ఏసీ నడుస్తుండగానే నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. మంచి పరీక్షే. అయితే ఆ లెక్కలో ఎస్‌యూవీలో కూర్చునేది ఇద్దరే. డ్రైవరు, పక్కన ఒక్క మనిషి, చెరొక 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. పైన కొక్కెం సామగ్రికి కాస్త బరువు. పిల్లలు లేరు, తాతా అమ్మమ్మా లేరు, డిక్కీలో సూట్‌కేసులు లేవు. మనవాళ్లు ఏడు సీట్లూ నింపుకుని ఇద్దరి కోసం కట్టిన అంకెను పట్టుకుని ధీమాగా ఉన్నారు.

ఇప్పుడు మన ఇంటి లెక్క వేద్దాం. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని దాని మీద కిలోల్లో, పౌండ్లలో రాసి ఉంటుంది. ఉదాహరణకు 600 కిలోలు అనుకుందాం. కొడుకూ కోడలూ కలిపి 145. పిల్లలిద్దరూ 70. చిక్కడపల్లి నుంచి వెళ్లిన అమ్మానాన్నా 140. బట్టలు, ఐస్ పెట్టె, రైస్ కుక్కరు, బియ్యం, ఇక్కణ్నుంచి మోసుకెళ్లిన ఆవకాయ జాడీలు అన్నీ కలిపి 80. కొక్కెం తాలూకు ఇనుము 15. మొత్తం 450. మిగిలింది 150 కిలోలు. ట్రెయిలర్ కొక్కెం మీద నొక్కే బరువు కూడా ఈ స్టిక్కరు లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే దాన్ని మోసేది ఎస్‌యూవీ చక్రాలే. 150 కిలోలు పది శాతం కావాలంటే ట్రెయిలర్ 1,500 కిలోలకు మించకూడదు. పౌండ్లలో సుమారు 3,300. పదమూడు శాతం పడే ట్రెయిలరైతే 1,150 కిలోల దగ్గరే ఆగిపోవాలి. ఐదు వేల పౌండ్ల బండికి నాలుగు వేల పౌండ్ల ట్రెయిలర్ తగిలించి నిశ్చింతగా ఉన్న పెద్దమనిషి తనకు తెలియకుండానే హద్దు దాటాడు. ఇంజిను మూలగలేదు, గేరుబాక్సు వేడెక్కలేదు. అందుకే ఆయనకు తెలియలేదు.

హద్దు దాటితే జరిగేదేమిటి? కొక్కెం వెనక ఇరుసుకు ఇంకా వెనక వేలాడుతూ ఉంటుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 2.85 మీటర్లు, వెనక ఇరుసు నుంచి కొక్కేనికి 1.1 మీటర్లు అనుకోండి. కొక్కెం మీద 227 కిలోలు పడితే వెనక ఇరుసు మీద 227 కాదు, 315 కిలోలు పెరుగుతుంది. ఆ పై 88 కిలోలు ముందు ఇరుసు నుంచి లాక్కున్నవి. స్టీరింగు తిప్పేది ముందు చక్రాలు, బ్రేకు పనిలో పెద్ద వాటా ముందు చక్రాలది. రోడ్డును పట్టుకోవలసినవే తేలికవుతాయి. తడి రోడ్డు మీద, దిగుడు మలుపులో, ట్రెయిలర్ వెనకనుంచి తోస్తున్నప్పుడు ఆ 88 కిలోల విలువ తెలుస్తుంది. మన కూడలిలో ఎస్‌యూవీల గొప్ప చెప్పేవాళ్లు ఇంజిను గురించే చెబుతారు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి మీదికి ఏడుగురితో ఎలా దూసుకెళ్లిందో వర్ణిస్తారు. ఎక్కడం ఇంజిను సంగతి. దిగడం, మలుపు తిరగడం, ఆగడం టైర్ల సంగతి.

ఇంతవరకూ చెప్పింది పై హద్దు గురించి. కింది హద్దు విషయంలో మనవాళ్ల అభిప్రాయం ఇంకా అడ్డంగా ఉంది. "వెనక కుంగుతోందా? బరువైన సామాను ట్రెయిలర్ వెనక్కి జరిపెయ్, కొక్కెం తేలికవుతుంది." సలహా ఇచ్చేవాడికి అది తెలివిగా తోస్తుంది, కారు కూడా చూడటానికి సమంగా నిలబడుతుంది. నా దృష్టిలో అన్ని సలహాల్లోకీ ఇదే చెడ్డది.

మన తాతలకు ఈ సంగతి బాగా తెలుసు. ఎడ్లబండిలో ధాన్యం బస్తాలు వెనక్కి ఎక్కువ పడితే నొగలు పైకి లేస్తాయి, కాడి మెడ మీద ఆనదు, పట్టెడలు బిగిసి ఎద్దులకు ఊపిరాడదు. ముందుకు ఎక్కువైతే కాడి మెడలు దించేస్తుంది. అందుకని ఇరుసుకు కాస్త ముందుగా బరువు తూగేలా బస్తాలు సర్దేవారు. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంలోనే అంత జాగ్రత్త అవసరమైంది. వంద కిలోమీటర్ల వేగంలో దాన్ని ఎలా మరిచిపోతాం?

అంత వెనక్కి వెళ్లకపోయినా సరే. అశోక్‌నగర్ సందుల్లో ఎక్కడ అపార్ట్‌మెంటు కడుతున్నా ట్రాక్టరు వెనక రెండు చక్రాల నీళ్ల ట్యాంకరు కనిపిస్తుంది. ట్రాక్టరు వేరే పనికి వెళ్లాలంటే పిన్ను తీసి ట్యాంకరు ముక్కు కింద స్టాండో పెద్ద రాయో పెడతారు. ఎండాకాలం ఆ రాయి తారులోకి దిగబడి ఉంటుంది. నిండు ట్యాంకరు ముక్కును ఇద్దరు మనుషులు కలిసి ఎత్తలేరు. ముక్కు అంత బరువుగా ఉండటం తయారీలో లోపం కాదు. చక్రాలను ట్యాంకు నడిమధ్యన కాకుండా కాస్త వెనక్కి పెట్టి కావాలని అలా చేశారు. నడిమధ్యన పెట్టి ఉంటే మేస్త్రీ ఒంటిచేత్తో ఎత్తేవాడు. రోడ్డెక్కాక ట్యాంకరు తోక అటూ ఇటూ కొట్టుకునేది.

ఆ కొట్టుకోవడం ఎందుకో కూడా తెలియాలి. గాలి దెబ్బకో, పక్కనుంచి లారీ దాటినప్పుడో ట్రెయిలర్ కొద్దిగా పక్కకు జరుగుతుంది. బరువు ఇరుసుకు ముందుంటే టైర్ల పట్టు దాన్ని తిరిగి గాడిలోకి తెస్తుంది, ఊపు రెండు మూడు సార్లలో చచ్చిపోతుంది. బరువు వెనక ఉంటే తోక మొండికేస్తుంది, ఊపు చావదు. వేగం పెరిగేకొద్దీ ఊపును చంపే శక్తి తగ్గుతుంది. ప్రతి జతకూ, అంటే ఈ కారుకు ఈ ట్రెయిలర్ తగిలించి ఈ సర్దుబాటుతో నడిపితే, ఒక గండం లాంటి వేగం ఉంటుంది. అది దాటాక ప్రతి ఊపూ ముందటిదానికంటే పెద్దదవుతుంది. కారు వెనక భాగాన్ని కొక్కెం పక్కకు లాగుతుంది. కొన్ని సెకన్లలో ట్రెయిలరూ కారూ రోడ్డుకు అడ్డం తిరుగుతాయి.

"నేను పదేళ్లుగా ఇలాగే లాగుతున్నా, ఏమీ కాలేదు" అనేవాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. గండం వేగానికి ఇవతల ఉన్నంతసేపూ చెడ్డ సర్దుబాటు కూడా మంచిదానిలాగే నడుస్తుంది, ముందుగా హెచ్చరిక ఇవ్వదు. ఆ పదేళ్లలో హద్దుకు ఎంత దగ్గరగా వెళ్లొచ్చారో వాళ్లకు తెలిసే అవకాశం లేదు. ఒక పొడవాటి దిగుడు, ఒక అడ్డగాలి, ఆలస్యమైందని పెంచిన పది మైళ్ల వేగం, ఈ మూడూ ఒకేసారి కలిసిన రోజు పాత అనుభవం అక్కరకు రాదు.

హద్దు దాటడానికి పెద్ద తప్పులు చేయనక్కర్లేదు. 1,500 కిలోల క్యాంపింగ్ ట్రెయిలర్, కొక్కెం మీద సరిగ్గా 150 కిలోలు, అంటే పది శాతం ఉందనుకోండి. ఇరుసు నుంచి కొక్కేనికి 4 మీటర్లు. నీళ్ల ట్యాంకు ఇరుసుకు మీటరున్నర వెనక ఉంది. క్యాంపులో నీళ్లు ఉంటాయో ఉండవో అని కోడలు బయల్దేరే ముందే 150 లీటర్లు నింపింది. కొక్కెం మీద 56 కిలోలు తగ్గి 94 అయింది. పిల్లలూ మామగారూ సరదా పడ్డారని నాలుగు సైకిళ్లు, 70 కిలోలు, ట్రెయిలర్ వెనక బంపరుకు, ఇరుసుకు రెండున్నర మీటర్ల దూరంలో కట్టారు. ఇంకో 44 కిలోలు పోయి 50 మిగిలింది. ట్రెయిలర్ బరువేమో 1,720కి పెరిగింది. పది శాతం కాస్తా మూడు శాతానికి దిగిపోయింది! ఈ ఇంట్లో ఎవరూ బుద్ధిలేని పని చేయలేదు. కారు వెనక కుంగలేదు కాబట్టి అంతా బాగుందనుకుని బయల్దేరారు.

ఇక్కడ పది శాతాన్ని నమ్మేవాళ్లకు కూడా ఒక మాట. ఆ అంకె ఒక్కటీ సరిపోతే చాలదు. జనరేటరును ముందు కొసన, సైకిళ్లను వెనక కొసన పెట్టి కూడా పది శాతం తెప్పించవచ్చు. కానీ బరువు రెండు కొసలకూ చేరితే ఊపు మొదలైనప్పుడు ట్రెయిలర్‌ను ఆపడం చాలా కష్టం. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో కారవాన్ల మీద చేసిన పరిశోధన ట్రెయిలర్ బరువు ఎంతన్నదే కాకుండా, అది కొసలకు ఎంత చెదిరి ఉందన్నది కూడా ముఖ్యమని చూపించింది. బరువైనవన్నీ ఇరుసు దగ్గరగా, కాస్త ముందుగా, వీలైనంత కిందుగా పెట్టాలి. సామాన్ల ట్రెయిలర్లు అద్దెకిచ్చే యూ-హాల్ కంపెనీ ముందు సగంలో 60 శాతం బరువు ఉండేలా నింపమని, 55 మైళ్ల వేగం దాటవద్దని ట్రెయిలర్ మీదే రాసి పెడుతుంది. ఇల్లు మారే హడావిడిలో మనవాళ్లు ఏం చేస్తారు? ముందుగా చేతికందిన పరుపులూ సోఫాలూ లోపలికి తోసేసి, ఆఖరున మిగిలిన ఫ్రిజ్జునూ వాషింగ్ మెషీనునూ పుస్తకాల పెట్టెలనూ తలుపు దగ్గర కుక్కుతారు.

ఎదుటి పక్షానికి ఒక గట్టి వాదం ఉంది, దాన్ని దాటెయ్యను. జర్మనీలోనో ఇంగ్లండులోనో పిల్లలున్నవాళ్లు చెబుతారు: "అక్కడ కొక్కెం మీద 75 కిలోలో వంద కిలోలో దాటనియ్యరండీ. ఇంగ్లండులో ఐదు నుంచి ఏడు శాతం చాలంటారు. మరి ఈ పది, పదిహేను శాతం ఎక్కడిది?" వాళ్ల అంకెలు నిజమే. కానీ అంకెలను మాత్రమే తెచ్చుకుని, వాటి చుట్టూ ఉన్న కట్టుబాట్లను అక్కడే వదిలేయడం న్యాయం కాదు. జర్మనీలో ట్రెయిలర్ లాగే కారుకు గంటకు 80 కిలోమీటర్లే హద్దు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. ఇంగ్లండు మోటార్‌వే మీద 60 మైళ్లు. అక్కడి కారవాన్లు తేలిక, ఇరుసు నడుమకు దగ్గర, సామాను ఇరుసు మీదే సర్దమని నేర్పుతారు, ఊపును అణిచే కొక్కేలు మామూలే. అక్కడ కూడా కింది హద్దు ఉంది. తమ కారు అనుమతించే హద్దుకు దగ్గరగా బరువు ఉంచమనే అనుభవజ్ఞులు చెబుతారు. అమెరికాలో కాలిఫోర్నియా ట్రెయిలర్లను 55 మైళ్లకు కట్టేసింది గానీ చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎంతో వేగంగా పోవచ్చు, ట్రెయిలర్లూ బరువైనవి. యూరప్ శాతాన్నీ అమెరికా వేగాన్నీ కలిపి వాడుకుంటానంటే రెండు చోట్ల రక్షణా పోగొట్టుకున్నట్టే.

గట్టి స్ప్రింగులో గాలి సంచులో వేయిస్తే సరిపోతుందన్న వాదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అవి కుంగిన వెనక భాగాన్ని లేపుతాయి. ముందు చక్రాలు పోగొట్టుకున్న బరువును తిరిగివ్వవు, తలుపు మీది స్టిక్కరు అంకెను పెంచవు. బరువును ముందు ఇరుసుకు పంచే ప్రత్యేక కొక్కేలున్నాయి, అవి పనిచేస్తాయి. అయితే కొన్ని ఎస్‌యూవీల మాన్యువళ్లు వాటిని వాడమంటాయి, కొన్ని వద్దంటాయి. చదివి తేల్చుకోవాలి. కారుకు, కొక్కేనికి, దాని గుండుకు, ట్రెయిలర్ కప్లింగుకు వేరువేరు హద్దులుంటాయి. వాటిలో అన్నింటికంటే తక్కువదే మన హద్దు.

కొలవడం కష్టమంటారు, అదీ నిజం కాదు. బాత్‌రూం తూకం యంత్రంతో ఇంటి ముందే కొలవచ్చు. ఒక గట్టి దుంగ తీసుకుని ఒక కొసను ఇటుక మీది గొట్టం ముక్క మీద, రెండో కొసను తూకం మీద ఆన్చాలి. ఇటుకకు ఒక అడుగు, తూకానికి రెండు అడుగుల దూరంలో ట్రెయిలర్ ముక్కును దుంగ మీదికి దించితే, దుంగ బరువు తీసేసి వచ్చిన అంకెను మూడుతో గుణిస్తే సరి. ట్రెయిలర్ సమంగా నిలబడి ఉండాలి, చక్రాలకు అడ్డం పెట్టి ఉండాలి. మన ధర్మకాంటాల్లాంటివి అక్కడ హైవే పక్కన లారీల కోసం ఉంటాయి. ముందు కారును ఒక్కదాన్నే తూచి, తర్వాత ట్రెయిలర్ తగిలించి దాని చక్రాలు తూకం బయట ఉండేలా కారును తూచితే తేడాయే టంగ్ వెయిట్. నీళ్లు నింపాక, సైకిళ్లు కట్టాక, మనుషులు ఎక్కాక తూచాలి. ఖాళీ ట్రెయిలర్‌కు కంపెనీ పుస్తకంలో వేసిన అంకె ప్రయాణం రోజున పనికిరాదు.

దారిలో ఊపు మొదలైతే చాలామంది చేసేది బ్రేకు గట్టిగా తొక్కడం, లేదా వేగం పెంచి లాగేయాలని చూడటం. రెండూ ప్రాణాల మీదికి తెస్తాయి. యాక్సిలరేటరు మీద కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, ట్రెయిలర్ బ్రేకుకు విడిగా చేతిమీట ఉంటే దాన్ని మాత్రమే నొక్కాలి.

ఈ అభిప్రాయం అమెరికాతో ఆగితే ఇంత రాసేవాణ్ణి కాదేమో. ఇప్పుడు మన సందుల్లో కూడా ఎస్‌యూవీల వెనక కొక్కేలు కనిపిస్తున్నాయి. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు చిన్న ట్రెయిలర్ చేయించుకుని మోటార్లూ పైపులూ వేసుకుపోవాలనుకుంటున్నారు. "ఫార్చ్యూనర్ కదన్నా, ఏదైనా గుంజుతది" అని వెల్డింగు షాపులో చెప్పేవాడు టంగ్ వెయిట్ మాట ఎత్తడు. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షను ప్రకారం ట్రెయిలర్‌కు కూడా రిజిస్ట్రేషను ఉండాలి. 113వ సెక్షను ప్రకారం బండి మొత్తం బరువు నమోదైన హద్దు దాటకూడదు. కొనేటప్పుడు ఇచ్చిన మాన్యువల్‌లో ట్రెయిలర్‌కూ కొక్కేనికీ అంకెలు లేకపోతే కంపెనీ ఆ పనికి హామీ ఇవ్వనట్టే. అలాంటి బండికి కొక్కెం అతికించడం, దాన్ని నమ్మి హైవే ఎక్కడం తగని పని.

"మా పిల్లలు అక్కడ పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లకు మనం చెప్పేదేముంది?" అని ఒక పెద్దాయన అడిగారు. చెప్పాల్సింది ఉంది సార్. ఆ స్టిక్కరు లెక్కలో 140 కిలోలు మీరిద్దరే. బయల్దేరే ముందు తలుపు తెరిపించి ఆ అంకె చదివించండి, అందరి బరువులూ కాగితం మీద కూడించండి. కూడితే దాటిందా, చిన్న ట్రెయిలర్ తీసుకోమనండి. అది కుదరకపోతే ఇంకో కారు అద్దెకు తీసుకుని మీరిద్దరూ, సూట్‌కేసులూ, ఆవకాయ జాడీలూ అందులోకి మారండి. ఎస్‌యూవీ మీద ఒక్కసారిగా రెండు వందల కిలోలకు పైగా తగ్గుతుంది. అప్పుడు ఆ నాలుగు వేల పౌండ్ల ట్రెయిలర్‌కు పదమూడు శాతం పడినా, 236 కిలోలు, స్టిక్కరు హద్దు లోపలే ఉంటారు. కొక్కెం హద్దు కూడా అంతకు ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూడమనండి. సైకిళ్లు మాత్రం ట్రెయిలర్ వెనక కట్టనివ్వకండి.